గుల్లదిబ్బలు, పాటిదిబ్బలు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సముద్రతీరమందలి ప్రాచీన మానవుల గుల్లదిబ్బలను గురించి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నల్లమల నీడలో నివసించు మనకు సముద్రపు గుల్లలతో ఏమి పని యని మీలో కొందరు తలంపవచ్చును. ఏ కొత్తపట్నమునకో పోయి స్నానము చేసి వచ్చిన నాడు తప్ప సముద్రము మనకు కనబడదు. అయినను మార్కాపురము సీమవారికి ఈ సంగతి బోధపడినంత సులభముగా మరియెవరికిని బోధపడదు. పలకల కార్ఖానాల చుట్టు గుట్టలుగా పడియున్న రాతిముక్కలను మనలో చూడనివారెవరు? పనికివచ్చిన పలక బడిపిల్లల చేతికి పోయినది. పనికిరాని ముక్క అచ్చటనే నిలిచినది. వేయి సంవత్సరముల తరువాత ఊరి పేరైనను ఎరుగని పరదేశి వచ్చినను, ఆ గుట్టను విప్పి చూచి, ఇచ్చటివారు ఏ రాతిని తవ్విరో, ఏ కొలతకు కోసిరో, ఏ పనిముట్టును వాడిరో చెప్పగలడు. గుల్లదిబ్బయు అట్టిదే. కడలి యొడ్డున నివసించినవారు ఆల్చిప్పలను ఏరి తెచ్చి, లోని మాంసమును తిని, చిప్పలను గుడిసె ప్రక్కన పారవేసిరి. తరములు గడచినకొలది అది దిబ్బయైనది.

ఈ దిబ్బల పరిశోధనకు పుట్టినిల్లు డెన్మార్కు. అచ్చటి తీరమున గుల్లల గుట్టలు అనేకము లుండెను. అవి ఒకప్పటి సముద్రపుటొడ్డు పైకి లేచి నిలిచినవని కొందరు తలచిరి. 1848లో ముగ్గురు పండితులతో ఒక సంఘమేర్పడినది: ఫోర్క్‌హామర్ భూగర్భశాస్త్రజ్ఞుడు, స్టీన్‌స్ట్రప్ జంతుశాస్త్రజ్ఞుడు, వోర్సో పురావస్తువేత్త. ఒక్క శాస్త్రమునకు లొంగని ప్రశ్నను మూడు శాస్త్రములు కలిసి పట్టుకొనుట ఆ కాలమున క్రొత్త సంగతి. సముద్రము పేర్చిన గుల్లలలో చిన్నవి, పెద్దవి, తినదగినవి, తినరానివి అన్నియు కలిసియుండవలెను. ఈ దిబ్బలలోనో, తినుటకు పనికివచ్చు బాగుగా ఎదిగిన గుల్లలే మిక్కుటము. నడుమ నడుమ బొగ్గు, కాలిన రాళ్లు, చేపముండ్లు, జంతువుల యెముకలు, చెకుముకిరాతి పనిముట్లు. కావున ఇవి మనుష్యుల వంటింటి పెంట యని తేల్చిరి. డేనిష్ భాషలో వాటికి పెట్టిన పేరునకును అదియే అర్థము.

స్టీన్‌స్ట్రప్ చేసిన పని యొకటి చెప్పక తప్పదు. దిబ్బలలో కొన్ని యెముకలు విరివిగా దొరకుచున్నవి. కొన్ని భాగములు మాత్రము ఎచ్చటను కానరావు. ఆయన కుక్కలను కట్టివేసి, వాటికి ఎముకలు వేసి, ఏవి తినునో, ఏవి విడుచునో చూచెను. దిబ్బలో కానరాని భాగములే కుక్కలు తిన్నవి! కావున ఆ మనుష్యుల యొద్ద పెంపుడుకుక్క యుండెనని నిర్ణయించెను. శీతకాలమున మాత్రమే ఆ తీరమునకు వచ్చు అడవిహంసల యెముకలు దొరకుటచే, వారు చలికాలమునను అచ్చటనే యుండిరనియు గ్రహించెను. లేనిదానిని చూచి ఉన్నదానిని చెప్పిన ఈ బుద్ధిని నేను బంగారునిధి దొరకుటకంటె గొప్పదిగా నెంచుదును. తరువాత 1893 నుండి 1897 వరకు తవ్విన ఎర్టెబొల్లె దిబ్బ సుమారు 140 మీటర్ల పొడవు గలది.

మన దేశమున ఈ దిబ్బలకు పేరుపడినవి అండమాను దీవులు. పోర్టుబ్లెయిరులో మన తెలుగువారు వేలకొలది కలరు గాని, ఆ దిబ్బల మాట విన్నవారు తక్కువ. 1870లో స్టొలిచ్కా అను పండితుడు వాటిని గురించి వ్రాసెను. ఇటీవలి దశాబ్దములలో జరీన్ కూపర్ అను విదుషి చౌల్దరి యను చోట త్రవ్వించగా, అడుగుపొర రమారమి 2,200 ఏండ్లనాటిదని తేలినది. మరి మన తూర్పుతీరమున ఏల యింత మాట వినబడదు? ఇరువదివేల ఏండ్ల క్రిందట సముద్రమట్టము నేటికంటె 120 మీటర్ల మేర దిగువనుండెను. నాటి తీరము నేడు నీటి అడుగున నున్నది. కృష్ణా గోదావరులు తెచ్చిన ఒండ్రు మరికొంత తీరమును కప్పివేసినది. పులికాటు సరస్సు అడుగున గుల్లపొరలున్నవి గాని, నీట పుట్టి నీటనే చచ్చిన జీవుల గుల్లలను మనుష్యులు తిని పారవేసినవిగా లెక్కింపరాదు.

నీరు కప్పినదానికంటె మనుష్యుడు కూల్చినది ఎక్కువ విచారకరము. గుల్లసున్నము సంగతి మీకు తెలియనిది కాదు. బ్రెజిలు దేశమున మహాదిబ్బలను అట్లే కాల్చి సున్నము చేసిరి. అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టు 425 దిబ్బలను నెల్సన్ అను నతడు 1909 నాటికి లెక్కవ్రాసెను. వాటిలో పెద్దదియగు ఎమరీవిల్ దిబ్బను 1924లో ఒక కార్ఖానా కొరకు చదును చేసిరి. నెల్సన్ లెక్కపుస్తకము లేకున్నచో ఎన్ని యుండెనో అడుగుటకైనను వీలు లేకపోయెడిది.

ఇక మన సీమ. మనకు గుల్లదిబ్బలు లేవు. కాని అవి నేర్పిన విద్య మనకు పనికివచ్చును. 1930లో కామియాడ్, బర్కిట్ అను నిరువురు నల్లమల ప్రాంతపు శిలాయుగమును గూర్చి ఇంగ్లండులో ఒక వ్యాసము ప్రకటించిరి. 1952లో కె. వి. సౌందరరాజన్ గారు గిద్దలూరు సమీపమున దొరకిన శిలాయుగపు పనిముట్లను గురించి ‘ఏన్షియంట్ ఇండియా’ పత్రికలో విపులముగా వ్రాసిరి. అప్పటికి గిద్దలూరు, మార్కాపురము కర్నూలు జిల్లాలోనివి; 1970లో గదా ఒంగోలు కేంద్రముగా ప్రకాశం జిల్లా యేర్పడినది. మన సగిలేటి సీమలోని రాళ్లను లోకము చదివినది, మనము చదువలేదు. మన ప్రాంతముననే రెట్లపల్లె వద్ద పొరలలో నిలిచిన పనిముట్లకు రమారమి లక్షా ముప్పదితొమ్మిదివేల ఏండ్ల వయస్సు ఇటీవల లెక్కకట్టిరి. ఇసుకరేణువు చివరిసారి వెలుగు చూచినది ఎప్పుడో కొలిచి చెప్పు విధానమది. 41,000 ఏండ్లనాటి నిప్పుకోడి గూటి పెంకులు ప్రకాశం జిల్లాలో దొరకినవని 2024లో పత్రికలలో వచ్చినది మీకు జ్ఞాపకముండును.

ఈ లెక్కలన్నియు వస్తువు తన పొరలో కదలక యుండుటచేతనే సాధ్యమైనవి. చేతిగొడ్డలి నొకదానిని తెచ్చి అలమరలో పెట్టిన అది అందమైన రాయి మాత్రమే. దాని ప్రక్కన రాలిన పెచ్చులు, క్రింది కంకర, పైమన్ను, ఇవి లేనిదే దానికి వయస్సు లేదు. పాడుపడిన ఊళ్ల పాటిదిబ్బల సంగతియు నింతే. పాటిమన్ను పొలమునకు బలమని బండ్లతో తోలుకొనుట మన పెద్దల నాటినుండి యున్నదే. రైతును తప్పుపట్టను, ఆ మన్ను నిజముగా బలమైనది. కాని బండి పది దినములలో తోలినదానిని ఇప్పుడు యంత్రము ఒక్క పూటలో తోలుచున్నది. కుండపెంకు కంటబడుటకైనను వ్యవధి లేదు.

కావున ఈ గ్రంథాలయమునకు నాదొక విన్నపము. పత్రికల బల్లమీద గట్టి అట్టగల పుస్తకమొకటి ఉంచుడు. బావి తవ్వినపుడు, చేను చదును చేసినపుడు, రోడ్డుకు కంకర తీసినపుడు వింతరాయియో, పెంకుల పొరయో, బూడిదపొరయో కనబడిన, చూచినవారు వచ్చి వ్రాయవలెను: సర్వే నంబరు, ఎన్ని అడుగుల లోతు, పైన ఏ మన్ను, క్రింద ఏ మన్ను, ఏ తేది. వ్రాయలేనివారు చెప్పిన గ్రంథపాలకుడు వ్రాసికొనవలెను. ఎవరును స్వయముగా తవ్వరాదు. వస్తువును ఇంటికి తేరాదు. కబురు పురావస్తుశాఖకు పంపవలెను. చదునుపనులు ఎక్కువగా వేసవిలోనే జరుగును గనుక, ఈ సంవత్సరము వేసవికి ముందే పుస్తకము కుట్టించిన బాగుండును.