చలువ యిల్లు

ఇల్లు కట్టించువారు గాని, కొనువారు గాని మొదట అడుగు ప్రశ్నలు మూడు: స్థలమెంత, ధరయెంత, వాస్తు సరిపోయినదా? ఎండ యేవైపున పడును, గాలి యేవైపునుండి వచ్చును అను ప్రశ్నలు పలువురకు తోచవు. అడుగక విడిచిన ఆ రెండు ప్రశ్నలను తరువాత ఇల్లే యజమానిని ప్రతి వేసవియందును అడుగుచుండును. ఆయన కరెంటు బిల్లు రూపమున వానికి ప్రత్యుత్తర మిచ్చుకొనుచుండవలెను. మన వేడిమికి తగిన యిల్లెట్టిదో, దానిని నేటి సాధనములతో ఎట్లు అమర్చుకొనవచ్చునో ఈ పూట మనవి చేయదలచితిని. ఉదాహరణములను హైదరాబాదు నగరపు పడమటి భాగమునుండియే గ్రహింతును. తెలుగునాట ఇంత వేగముగా ఇండ్లు లేచుచున్న ప్రదేశము మఱియొకటి అరుదు.

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. అంతకు ముందు ఆ ప్రాంతమంతయు పెద్ద పెద్ద రాతిగుండ్లు, సీతాఫలపు పొదలు, చెరువులు. ఒకప్పుడు గోలకొండ కోటకు త్రాగునీ రొసగిన దుర్గం చెరువు అక్కడిదే. నేడు మాదాపూరు మొదలు కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట వఱకు ముప్పది నలువది అంతస్తుల మేడలు వరుసలు దీరి యున్నవి. కార్యాలయములకు అద్దపు గోడలు పెట్టిరి. అద్దపు గోడ చలిదేశములకు తగిన వస్తువు. అచ్చట ఎండ దుర్లభము. దానిని లోనికి రప్పించి నిలుపుకొనుటకు అద్దము ఉపకరించును. మనకు ఎండ పిలువని పేరంటము. అద్దము ఎండను లోనికి రానిచ్చును గాని, ఆ ఎండచే కాగిన నేలయు గోడలును వెడలించు వేడిని తిరిగి వెలుపలికి పోనీయదు. కార్యాలయమునందు పగలెల్ల శీతలయంత్రములు తిరుగుచుండును గావున ఆ దోషము కప్పబడుచున్నది. ఆ వేషమును చూచి నివాసగృహములకును నేలనుండి కప్పువఱకు అద్దములు బిగించుట మొదలైనది. చిక్కంతయు అచ్చటనే వచ్చినది.

ముందుగా ఎండ సంగతి చూతము. హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, సముద్రమట్టమునకు దాదాపు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఈ తావున సూర్యుడు ఏటికి రెండు మారులు, మే నెల రెండవ వారమునను ఆగస్టు మొదటి వారమునను, మధ్యాహ్నవేళ సరిగా నడినెత్తికి వచ్చును. ఆ నడిమి మూడు నెలలును మధ్యాహ్న సూర్యుడు రవంత ఉత్తరముగానే నడచును. కాబట్టి వేసవిలో ఇంటిమీద పడు ఎండలో పెద్దపాలు కప్పుమీదను, దాని తరువాత తూర్పు పడమటి గోడలమీదను పడును. దక్షిణపు గోడకు తగులునది స్వల్పము. అనగా మన యింటికి ముఖ్యశత్రువులు రెండు: కప్పుమీది యెండ, పడమటి యెండ. ఉదయపు టెండ తూర్పుగోడను తాకునప్పటికి గాలి యింకను చల్లగానే యుండును. పడమటి యెండ అట్లు గాదు. పగలెల్ల కాగిన గాలికి తోడై వచ్చి, సాయంకాలము మనుష్యులు ఇల్లు చేరు వేళకు గోడలను పెనమువలె చేసి పెట్టును.

దక్షిణపు కిటికీకి నీడ కల్పించుట సులభము. నాలుగడుగుల ఎత్తుగల కిటికీపైన ఒకటిన్నర అడుగుల చజ్జా యున్నచో మార్చి నెలాఖరు మొదలు సెప్టెంబరు వఱకు మధ్యాహ్నపు టెండ దానిపై పడదు. డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నమున 49 డిగ్రీల ఎత్తునకు దిగును గావున అదే చజ్జాక్రిందుగా కిటికీ దిగువభాగమునకు వెచ్చని యెండ వచ్చును. ఖర్చులేని ఈ ఏర్పాటు వలన రెండు కాలములకును మేలు కలుగును. పడమటి కిటికీకి చజ్జా చాలదు. వాలిన యెండ దాని క్రిందనుండి దూరివచ్చును. అటువైపున కిటికీలు తగ్గించి, మెట్లు, స్నానపుగది, సామానుల కొట్టు మొదలగు వానిని పెట్టవలెను. లేదా వరండా గాని, నిలువు జాలి గాని, వేప కానుగ వంటి చెట్టు గాని అడ్డముండవలెను. నైఋతిమూల బరువుగా నుండవలెనని వాస్తు పాటించువారు చెప్పుదురు గదా. ఆ మాటను మన్నించువారు అచ్చట మందపు గోడయు కొట్టుగదియు పెట్టించినచో శాస్త్రమునకు శాస్త్రము, చలువకు చలువ.

ఇక గాలి సంగతి. చలువ యిల్లనగానే అన్ని తావులకును ఒకే సూత్రము చెప్పుట పొరపాటు. మచిలీపట్టణమునందును విశాఖపట్టణమునందును వేసవిగాలి తడిగా నుండును. అచ్చట చెమట ఆఱుటకు ఎల్లవేళల గాలి వీచుచుండవలెను. హైదరాబాదు పీఠభూమి గావున మార్చి మొదలు మే వఱకు గాలి పొడిగా నుండును. పగటికిని రాత్రికిని పది పన్నెండు డిగ్రీల భేద ముండును. ఇచ్చట ప్రొద్దెక్కిన పిమ్మట కిటికీలు మూసి, ప్రొద్దు క్రుంకి వీథి చల్లబడిన పిమ్మట తెఱచుట మేలు. రాత్రి చల్లగాలి గోడలలోని వేడిని తీసికొనిపోవును. మఱునాడు మధ్యాహ్నము వఱకు ఆ గోడలే మనలను కాపాడును. పూర్వము వేసవిలో ద్వారములకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుట ఈ పొడిగాలిని నమ్మియే. వానకారు రాగానే ఆ ఉపాయము పనికిరాదు. అప్పుడు పడమటినుండి వచ్చు గాలికి ఎదురెదురు కిటికీలు తెఱచియుంచవలెను. కావున మన కిటికీ మూయుటకును తెఱచుటకును రెంటికిని అనువుగా నుండవలెను. కేంద్రప్రభుత్వ సంస్థయగు విద్యుత్ పొదుపు మండలి 2018లో వెలువరించిన ఎకో నివాస్ సంహిత యను నియమావళి, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణమున తెఱచుటకు వీలగు కిటికీ తలుపుల వైశాల్యము నేల వైశాల్యములో ఎనిమిదవ వంతునకు తగ్గరాదనియు, తడివేడి గల తీరప్రాంతములందు ఆఱవ వంతునకు తగ్గరాదనియు చెప్పుచున్నది. ఇందు తెఱచుటకు వీలగు అను మాట ముఖ్యము. ప్రక్కకు జరుపు కిటికీ యెంత పెద్దదైనను సగమే తెఱచుకొనును. కదలని అద్దము అసలే తెఱచుకొనదు.

మన పెద్దలు ఈ సంగతులను పుస్తకములు చూచి నేర్చుకొనలేదు. మండువా లోగిలి నడుమ ఆకాశమునకు తెఱచిన వాకిలి యుండుటచే వేడిగాలి మీదికి లేచిపోవును. డంగు సున్నముతో కట్టిన మందపు గోడ మధ్యాహ్నపు వేడిని లోనికి చేరుటకు సాయంకాలము వఱకు ఆలస్యము చేయును. తాండూరు, షాబాదు బండలు పఱచిన నేల పాదమునకు చల్లగా తగులును. అయితే ఆ యిండ్లను ఉన్నవి యున్నట్లు నలువది అంతస్తులకు ఎక్కింపజాలము. తీసికొనవలసినది వాని ఆకారము గాదు, ఉపాయము. అట్లు తీసికొనినచో నేటి భవనమేమగునో హైటెక్ సిటీలోనే చూడవచ్చును. భారత పరిశ్రమల సమాఖ్యవారి సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరును 2004 జూలై 14వ తేదీన రాష్ట్రపతి అబ్దుల్ కలాము ప్రారంభించిరి. అమెరికాకు వెలుపల లీడ్ పద్ధతిలో ప్లాటినము శ్రేణి నందుకొనిన తొలి భవనమది. దాని శిల్పి కరణ్ గ్రోవర్. నడుమ ఆవరణము, చుట్టును గదులు, వెలుగును మృదువుగా వడగట్టు జాలిగోడలు, లోనికి వచ్చు గాలిని ముందుగానే చల్లబఱచు రెండు గాలిగోపురములు, కప్పుమీద పచ్చిక, వాడిన నీటిని మొక్కల వేళ్లచే శుభ్రపఱచు మడుగులు అందు గలవు. సౌరఫలకములు మొదలగు యంత్రసామగ్రి తరువాతి మాట. ముందు నీడయు గాలియు సరిచూచుకొనిరి. ఆ వరుసయే మనము నేర్వవలసినది.

ఏలనన, ఈనాడు పలుచోట్ల వరుస తలక్రిందులైనది. కాగు పెట్టెవంటి గదిని కట్టి, దానిని చల్లబఱచుటకు యంత్రమును తగిలించి, ఆ యంత్రము ఎక్కువ చుక్కల గుర్తు గలదని సంతసించుచున్నాము. శీతలయంత్రము చల్లదనమును పుట్టింపదు. అది గదిలోని వేడిని తోడి వీథిలో పోయును. ఒక పాలు విద్యుత్తును గ్రహించి మూడు పాళ్ల వేడిని తోడినచో, ఆ విద్యుత్తుకూడ వేడియై, వెలుపలికి నాలుగు పాళ్లు పోవును. ఆ నాలుగు పాళ్లు ఎవరిమీద పడుచున్నవి? ఎదురింటి కిటికీమీద, క్రింద కాపలా కాయువాని గదిమీద, ప్రక్కస్థలమున రేకుల పాకలలో తలదాచుకొను కూలివారిమీద. మేడలను కట్టినవారు వారే; కట్టిన మేడల వేడిని మోయువారును వారే. ఒకరి చలువ మఱియొకరికి సెగగా మారరాదని కోరుటలో అతిశయ మేమియు లేదు. యంత్రమును పూర్తిగా విడువుమని చెప్పుట నా యుద్దేశము గాదు. ముసలివారికి, పసిబిడ్డలకు, రోగులకు 42 డిగ్రీల దినమున అది ప్రాణాధారమే. నీడయు కప్పును ముందు సరిచేసికొనినచో చిన్న యంత్రము చాలును. కొలది గంటలు చాలును. 24 డిగ్రీలకు పెట్టి పంకా త్రిప్పుకొనినను సుఖముగా నుండును.

కప్పు సంగతి పేదవానికిని ధనికునికిని సమానమే. ముదురురంగు కప్పు ఎండను మ్రింగును. తెల్లని కప్పు తిప్పి పంపును. 2017లో హైదరాబాదునందు పేదల యిండ్లలో ఇరువదియైదింటి కప్పులమీద తెల్లని పొర పఱచి పరీక్షించిరి. అట్టి పొరలేని యిండ్లకంటె ఆ యిండ్లలోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తక్కువగా నుండెను. రెండు డిగ్రీలు అల్పమని తోచవచ్చును గాని, రేకులక్రింద నిద్రపోవువానికి నిద్ర పట్టుటకును పట్టకుండుటకును భేదము ఆ మాత్రమే. 2023 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము చలువకప్పుల విధానమును ప్రకటించెను. 600 చదరపు గజములును అంతకు మించియు గల స్థలములలోని క్రొత్త నివాసములకు అట్టి కప్పు నిర్బంధమనియు, చిన్న యిండ్లకు ఐచ్ఛికమనియు అందు చెప్పిరి. ఐచ్ఛికమైనదానినే మనము ముందుగా చేయుట మేలు. చిన్న యింటివానికే యంత్రము కొనుశక్తి తక్కువ. ప్రత్యేకపు రంగు కొనలేనివారు ఏటేట వేసవికి ముందు చిక్కని సున్నము వేయించినను మేలు కలుగును.

చలువకు జత నీరు. హైదరాబాదున ఏటికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. నూఱు చదరపు మీటర్ల కప్పుమీద అది 80,000 లీటర్లు. ఇందులో కొంత ఆవిరియైనను, మొదటి వానల మురికినీరు విడిచిపెట్టినను, మిగులునది కొలది గాదు. ఈ నీటిని కాలువలోనికి విడిచి, నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి కృష్ణా గోదావరుల నీటిని రప్పించుకొని, అదియు చాలక వేసవిలో ట్యాంకరు బండ్లకై ఎదురుచూచుచున్నాము. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ఇంకుడుగుంతలను గూర్చి స్పష్టముగానే చెప్పినది. గుంత త్రవ్వుట సులభము. ఏటేట మే నెలలో దాని యిసుకను కంకరను తీసి కడిగి మఱల పోయుటయే మఱచుచున్నాము. పూడుకొనిపోయిన గుంత కాగితముమీదనే నీరు త్రాగును.

కట్టిన యింటిలో కాపురమున్న మేమేమి చేయగలమని మీరు ప్రశ్నింపవచ్చును. పడమటి అద్దమునకు లోపలి తెరలకంటె వెలుపలి వెదురుతడిక మేలు; ఎండను అద్దము దాటకముందే ఆపవలెను. వరండాను అద్దములతో మూసి గదిగా మార్చుకొనకుడు. ఆ నీడయే మీ గోడకు గొడుగు. పడమటి కమ్మీలపై తీగెలు ప్రాకింపుడు. పై అంతస్తువారు ఒక్కరే కప్పు బాధ పడుచున్నను, సంఘమంతయు కలిసి కప్పునకు తెలుపు వేయింపుడు. ఇల్లు కొనబోవువారు మాత్రము నమూనా ఫ్లాటును ఉదయమున చల్లని యంత్రముల నడుమ చూచి మురిసిపోవలదు. ఏప్రిలు నెలలో సాయంకాలము నాలుగు గంటలకు, యంత్రము ఆపించి, కిటికీలు తెఱపించి, పడమటి గోడమీద అరచేయి యుంచి చూడుడు. అమ్మువారి పుస్తకములో వ్రాయని సంగతి ఆ గోడ మీకు చెప్పును. ఆ మాట విని పిమ్మట ధర మాటలాడుడు.