ఒకటిన్నర శ్రుతి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1986 పదో తరగతి బ్యాచ్. సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు గిటారు వాయిస్తావు గదప్పా, దాని మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. ఉద్యోగం గురించి చెప్పమనలేదు, అంతవరకు మీరు బతికిపోయినారు.

మాది కర్నూలే అయినా మా జేజినాయనది కడప జిల్లా, మైదుకూరు దగ్గర పల్లె. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలయ్యే కె.సి. కెనాల్ కడప దాకా పోతుంది గదా, ఆ కాలువ కింద మాకు కొంచెం భూమి. జేజినాయన సేద్యగాడు. రాత్రయితే తంబూర పట్టుకొని రాములవారి గుడి అరుగు మీద వీరబ్రహ్మేంద్రస్వామి తత్వాలు పాడేవాడు. కచేరీ ఏమీ కాదు. పదిమంది కూర్చుంటే పదిమందికి, ఇద్దరుంటే ఇద్దరికి.

ఇంటర్ చదివేటప్పుడు నేను ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాను. ఆంప్లిఫయరు పాతబస్తీలో రేడియో మెకానిక్ ఒకాయన కట్టిచ్చినాడు. 1987 వేసవి సెలవులకు ఆ రెండూ బస్సు టాపు మీద వేసుకొని ఊరికి పోయినాను. ఆ రాత్రి జేజినాయన పాటకు నేను గిటారు వాయిస్తానని ఊరంతా చెప్పుకొచ్చినాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. గిటారుకు ఆరు తీగలు. లావు తీగ నుంచి మొదలుపెడితే మామూలు శ్రుతిలో ఇ, ఎ, డి, జి, బి, మళ్లీ ఇ. మన బడిలో ప్రార్థనకు వాయించే హార్మోనియం లెక్కలో 'ఇ' అంటే మూడు శ్రుతి. జేజినాయన తంబూర ఒకటిన్నర. అంటే సి షార్ప్. ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు: ఇద్దరి మధ్య మూడు మెట్ల తేడా. మామూలుగా శ్రుతి చేసిన గిటారులో ఒకటిన్నరకు ఒక్క తీగ కూడా ఊరికే మీటితే పలకదు. చూపుడువేలు ఆరు తీగల మీద అడ్డంగా పరచి నొక్కిపెట్టాలి. నాకప్పటికి అది చేతకాదు. చేతకాదని చెప్పడానికి నామోషీ.

"జేజినాయనా, గిటారు మూడులోనే పలుకుతుంది, నువ్వే కొంచెం పైకి రా" అన్నాను. ఆయన తంబూర బిరడాలు తిప్పి మూడుకు ఎక్కించినాడు. పల్లవి ఎట్లనో నడిచింది. చరణంలో పై షడ్జం కాడ గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ చీలింది. అరుగు కింద పిల్లోళ్లు నవ్వినారు. ఆయన ఏమీ అనలేదు. తంబూర ఒళ్లోంచి దించి, "నువ్వు వాయించుకో అబ్బోడా, నాకు గొంతు పోయింది లే" అన్నాడు. నేను నాకొచ్చిన రెండు సినిమా పాటలు వాయించినాను. చప్పట్లు కూడా కొట్టినారు.

ఆ తర్వాత నేనుండగా ఆయన పాడలేదు. వయసు మీద పడింది, గొంతు పోయింది అనే నేనూ అనుకున్నాను. 1990లో ఆయన కాలం చేసినాడు.

చాలా ఏళ్ల తర్వాత, నేను బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు, మా చిన్నాయన ఒక క్యాసెట్ ఇచ్చినాడు. జేజినాయన చనిపోయే ముందు సంవత్సరం ఇంట్లో పట్టిన పాటలు. విని బిత్తరపోయినాను. గొంతు ఎక్కడా పోలేదు. పై షడ్జం మీద నిలబడి, అక్కణ్ణుంచి తీరిగ్గా దిగుతున్నాడు. గిటారు తీసి శ్రుతి చూస్తే ఒకటిన్నర. క్యాసెట్ ప్లేయర్లు కొంచెం వేగంగానో నిదానంగానో తిరుగుతాయి కాబట్టి రెండు ప్లేయర్లలో చూసినాను. రెంటిలోనూ ఒకటిన్నరే.

గిటారు శ్రుతి మార్చడం నేను మొదలుపెట్టింది ఆ రాత్రే.

వేరే దేశాల్లో ఇది పాత సంగతే. ఇంగ్లండులో డేవీ గ్రాహం అనే గిటారిస్టు 1960ల మొదట్లో మొరాకో పోయినాడు. అక్కడ ఊద్ అని మన వీణకు దూరపు చుట్టం లాంటి వాద్యం ఉంటుంది. దాన్ని వాయించేవాళ్లతో కలవాలని తన గిటారు తీగలనే డి, ఎ, డి, జి, ఎ, డి అని మార్చుకున్నాడు. దాన్ని డ్యాడ్‌గ్యాడ్ అంటారు. మన భాషలో స, ప, స, మ, ప, స. గాంధారం లేదు, చూడండి. అదే దీని సుగుణం. 'ఓపెన్ డి' అని ఇంకొకటుంది, అందులో ఒక తీగ అంతర గాంధారం. పాటలో సాధారణ గాంధారం వస్తే ఆ తీగ ముల్లులా గుచ్చుతుంది. డ్యాడ్‌గ్యాడ్‌లో ఆ బాధ లేదు. పాడేవాడు ఏ గాంధారం ఎత్తుకున్నా తీగలు సరే అంటాయి.

ఆ మొత్తాన్ని ఒక మెట్టు కిందికి దించితే జేజినాయన ఒకటిన్నర వస్తుంది. ఏ తీగనూ బిగించే పని లేదు, అన్నీ దించడమే. రెండు ఇ తీగలు, బి తీగ మూడేసి మెట్లు. ఎ, డి, జి ఒక్కొక్క మెట్టు.

దించితే ఏమవుతుందో మన బడి ల్యాబులోనే నేర్చుకున్నాం. సోనామీటరు గుర్తుందా? తీగకు బరువులు వేలాడదీసి, తీగ మీద చిన్న కాగితం ముక్క పెట్టి, అది ఎగిరి పడేదాకా జరిపేవాళ్లం. పొడవు మారకపోతే తీగ బిగువు పౌనఃపున్యం వర్గాన్ని బట్టి మారుతుంది. మూడు మెట్లు దించితే బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. అంత వదులైన తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది. అందుకని లావు తీగలు వేసుకోవాలి. బ్రిడ్జి స్క్రూలు మళ్లీ సరిచేసుకోవాలి, లేకపోతే ఊరికే మీటితే సరిగ్గా ఉండి, పన్నెండో మెట్టు మీద అపస్వరం పలుకుతుంది. స్ప్రింగుల బ్రిడ్జి ఉన్న గిటారయితే ఒక తీగ దించగానే మిగతా ఐదూ పైకి పోతాయి. కుక్క తోక వ్యవహారం. శ్రుతులు మార్చేవాళ్లు కదలని బ్రిడ్జి కొనుక్కోండి. లాభం కూడా ఉంది: వదులు తీగను పక్కకు లాగడం సులువు, గమకం వస్తుంది.

మన తెలుగువాళ్లలో ఇట్లా వాద్యాన్ని పాటకు వంచిన మహానుభావుడు పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. ఆయన జతలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించినాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే. నాకది 17 ఏళ్లకు తట్టలేదు.

మన ఎండల సంగతీ చెప్పాలి. మే నెలలో కర్నూలులో గిటారును ఫ్యాను కింద నుంచి బయటికి తెస్తే తీగలు వేడికి సాగి శ్రుతి దానంతటదే దిగుతుంది. వాయించేముందు పావుగంట బయటే ఉంచి, అప్పుడు శ్రుతి చేయండి. ఇంకొకటి: కరెంటు 50 హెర్ట్జ్ గదా, ఆంప్లిఫయరు ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది. ఒకటిన్నర శ్రుతికి కింది పంచమం దాదాపు 104. ఆ రెండూ ఒరుసుకుంటే తలనొప్పే. అట్లుంటే వైరింగు ఒకసారి చూపించుకోండి.

ఆ క్యాసెట్ పెట్టుకొని, ఈ శ్రుతిలో జేజినాయన పాట వెనక ఇప్పటికీ వాయిస్తుంటాను. మొదట్లో ఎక్కువ వాయించేవాణ్ణి. ఇప్పుడు రెండు తీగలు మీటి ఊరుకుంటాను, ఆయన ఊపిరి తీసుకునే చోట మాత్రం ఇంకో రెండు. పోయిన సంక్రాంతికి మా చిన్నాయన కొడుకు అరుగు మీద కూర్చొని ఆ తత్వమే పాడినాడు. వాడిది రెండు శ్రుతి. పాడేముందు నన్ను చూసి, "అన్నా, నేను పైకి రావాల్నా?" అన్నాడు. వద్దని చెప్పి, అన్ని తీగలూ ఒక మెట్టు బిగించుకున్నాను.

ఈ పొద్దు గిటారు తెచ్చినాను, ఒకటిన్నరలో ఉంది. మా బ్యాచ్‌లో రోజూ ప్రార్థన పాడిన అమ్మాయి రెండో వరసలో కూర్చొని ఉంది, ఇప్పుడు అమ్మమ్మ కూడా అయింది. అమ్మా, అప్పట్లో నీది ఐదున్నర. ఇప్పుడూ అదే అయితే ఏడో మెట్టు మీద కేపో బిగిస్తే సరిపోతుంది. కాకపోతే ఎంతో చెప్పు, నాకు నాలుగు నిమిషాలు చాలు.