వారధి గాలి, వడ్ల రోడ్డు

పులిగడ్డ వారధి మీద కృష్ణ గాలి ముఖాన కొడుతుంటే బండి నడపడంలో ఉన్న హాయి నాకూ ఇష్టమే. మానేయమని చెప్పను. అయితే ఆ వారధి దగ్గరి దివిసీమలో కోతల రోజులు వేరు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద టైరుకు పట్టు దొరకదు. ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బండి జారిపోతుంది. కుప్పల చుట్టూ పేర్చిన రాళ్లు చీకట్లో కనబడవు. గుడివాడ వైపు కాలువ గట్ల మీద పొగమంచు వేళ ప్రయాణం వాయిదా వేసుకోవడమే తెలివి.

ఎంత జాగ్రత్త పడినా బండి జారవచ్చు, అందుకే హెల్మెట్ కావాలి. అది ప్రమాదంలో మరణించే ముప్పును సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని, వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కాక్రేన్ సమీక్ష తేల్చింది. బందరు ఉక్కపోతలో చిరాకే, నిజమే! అయినా ఐఎస్ఐ గుర్తున్నది కొని, గడ్డం కింద పట్టీ బిగించండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి.