చెప్పుకొనని బాధ



నేను వైద్యుడను కాను, ఫైళ్ళు చూచువాడను. అయినను ఉత్సవ సభలలో ఎవరును ఎత్తని విషయమొకటి ఎత్తుటకు మీ అనుమతి వేడుచున్నాను. అది మన యిండ్లలోని స్త్రీల మలమూత్ర సంబంధమైన బాధ.

1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము మన కుటుంబములకు వైద్యుని చేరువ చేసినది. మోకాలినొప్పిని, చక్కెర వ్యాధిని గూర్చి ఆయనకు చెప్పుదురు. దగ్గినను తుమ్మినను మూత్రము జారుట, వచ్చినదనగానే ఆపుకొనలేకపోవుట, మలబద్ధము, మలము అదుపు తప్పుట — వీనిని మాత్రము చెప్పరు. "కాన్పులైనవి, వయసైనది, ఇక ఇంతే" అని సరిపెట్టుకొందురు.

క్రమముగా గుడికి, పెండ్లికి, రైలు ప్రయాణమునకు వెళ్ళుట మానుదురు. కొందరు మంచినీళ్ళు తగ్గింతురు. అందుచే మూత్రము చిక్కనై మంట పుట్టును, మలము గట్టిపడును. ముక్కి ముక్కి, మూత్రాశయమును గర్భాశయమును అడుగునుండి మోయు కండరములు మరింత సడలును. ఇట్లొక బాధ మరియొక బాధను పెంచును.

దీనికి ఉపాయములు గలవు. 1948లో అమెరికా స్త్రీవైద్య నిపుణుడు ఆర్నాల్డ్ కెగెల్ ఈ కండరముల వ్యాయామమును గూర్చి ప్రకటించెను. మూత్రమును, వాయువును ఆపుకొనునట్లు బిగించి వదలవలెను. మారునకు 8 పర్యాయములు, దినమునకు 3 మారులు, కనీసము 3 మాసములు చేయవలెను. ఆపుకొనలేని వారికి, వెళ్ళు వ్యవధిని కొద్దికొద్దిగా పెంచు అభ్యాసము గలదు. అయితే ముందుగా మూత్రపరీక్ష చేయించి ఇన్ఫెక్షనుగాని చక్కెరగాని యున్నదేమో చూడవలెను. మూత్రమునగాని మలమునగాని రక్తము కనిపించినచో ఆలస్యము తగదు.

పరభాషా ప్రాంతమున నున్న మనకు మరియొక చిక్కు గలదు. పల్లెనుండి వచ్చిన తల్లికి హిందీ రాదు. కుమారుడు ప్రక్కన నిలిచి తర్జుమా చేయును. ఈ మాటను కుమారుని నోట చెప్పించుకొను తల్లి యుండునా? మోకాలినొప్పికి మందు తీసికొని ఆమె తిరిగి వచ్చును.

కావున నా మనవి యిది. వైద్యుని కడకు తోడుగా వెళ్ళి, ఆమె మాట చెప్పి, విన్నది తమలోనే దాచుకొనగల నలుగురు సోదరీమణుల పేర్లను మన మహిళా విభాగము వారు సిద్ధపరుపవలెను. పురుషులమైన మనము చేయదగినది స్వల్పము: ప్రయాణమున అడుగక మునుపే బండి ఆపించుట, "మాటిమాటికి ఎందుకు?" అని విసుగుకొనకుండుట. ఈ రెండింటికి ఏ మంజూరును అక్కరలేదు.