దగ్గితే చుక్కలు పడుతున్నాయా? దాచుకోవద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. పుస్తకాల్లో ఎక్కడా రాయని విషయం ఒకటి చెప్పడానికి మేము వచ్చాం. ముందు మా తప్పు ఒప్పుకుంటాం.

మా సంఘంలో ఒక అక్క నాలుగు నెలలు వరసగా మీటింగుకు రాలేదు. తీర్మానం ప్రకారం జరిమానా వేశాం. ఆమె మారు మాట్లాడకుండా కట్టింది. ఐదో నెల అప్పు అడిగింది. దేనికక్కా అంటే తల వంచుకుంది. ఇంటికెళ్లి కూర్చుంటే అప్పుడు చెప్పింది: "దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం పడిపోతోంది. చాప మీద మీ పక్కన ఎలా కూర్చోను?"

జరిమానా తిరిగి ఇచ్చేశాం. ఈ మాట మీటింగులో పేరు చెప్పకుండా ఎత్తితే, ఇంకో ముగ్గురు మాకూ ఉందన్నారు.

ఆ అప్పు దేనికంటే, పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్కులో కుర్చీ వైద్యానికి. మేము ఆమెను తీసుకుని పెద్దాసుపత్రి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అన్నీ అడిగాం.

కాన్పుల వల్ల, వయసు వల్ల, బరువులు మోయడం వల్ల కింద మూత్రసంచిని, గర్భసంచిని మోసే కండరాలు వదులవుతాయి. అందుకే కారుతుంది. ఆ కుర్చీలో సీటు కింద తీగచుట్ట ఉంటుంది. కరెంటుతో అయస్కాంత శక్తి పుట్టి, ఆ కండరాలను దానంతటదే బిగించి వదులుతుంది. కోత లేదు, సూది లేదు, చీరతోనే కూర్చోవచ్చు. ఒకసారికి అరగంట, వారానికి రెండుసార్లు, మామూలుగా ఆరుసార్లు. కొందరికి తగ్గుతుంది. అయితే ఆ గుణం ఎంతకాలం నిలుస్తుందో ఇంకా గట్టిగా తేలలేదు. గర్భిణులు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఒంట్లో లోహపు రాడ్లు, కాపర్-టీ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. చెప్పకుండా కూర్చోకూడదు.

మరి ముందు చేయాల్సింది ఏమిటి? పైసా ఖర్చు లేని కసరత్తు. 1948లో అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ దీని గురించి రాశారు. ఇప్పటికీ డాక్టర్లు మొదట చెప్పేది ఇదే. మూత్రాన్ని, గాలిని ఆపుకుంటున్నట్టు లోపలి కండరాలను పైకి లాగాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఒక్కో విడతకు కనీసం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు. పాలు పితికేటప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు కూడా చేయవచ్చు, ఎవరికీ తెలియదు. మూత్రం పోసేటప్పుడు మాత్రం రోజూ ఆపి ఆపి చేయొద్దు.

ఇంకో మాట. కారుతుందని నీళ్లు తాగడం మానేస్తున్నాం. అది ఇంకా చెరుపు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది. మలబద్ధకం, పాత దగ్గు ఉంటే వాటికి ముందు మందు వాడాలి. మూత్రంలో రక్తం పడినా, మంట, జ్వరం ఉన్నా, కింద ఏదో జారినట్టున్నా ఇంట్లో కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మా అక్క మూడు నెలలు కసరత్తు చేసింది. పూర్తిగా తగ్గిందని అబద్ధం చెప్పం. నిండు బిందె ఎత్తితే ఇప్పటికీ అప్పుడప్పుడు చుక్క పడుతుంది. కానీ రోజుకు నాలుగు గుడ్డలు మార్చేది ఒకటికి వచ్చింది. మీటింగుకు వస్తోంది. ఇంకా కావాలంటే కుర్చీ వైద్యానికి అప్పు ఇస్తామని తీర్మానం రాసి పెట్టాం. తీసుకోవడం ఆమె ఇష్టం.

అక్కలారా, ఈ సభను మేము కోరేది రెండే. సభ్యురాలు మీటింగుకు రాకపోతే జరిమానా రాసే ముందు ఒకరు ఇంటికెళ్లి ఎందుకు రాలేదో అడగాలి. నెలకొకసారి ఏఎన్ఎం అమ్మను పిలిచి, తలుపులు వేసుకుని, పది నిమిషాలు ఇలాంటి మాటలు మాట్లాడుకోవాలి.

పిల్లల్ని కన్నందుకు, బరువులు మోసినందుకు వచ్చిన బాధ ఇది. ఇందులో మనం సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.