తగ్గించి చెప్పిన లెక్క

ప్రజాధనముతో గొప్ప పని తలపెట్టినప్పుడు అసలు ఖర్చును ముందే చెప్పవలెనా? చెప్పినచో పని ఆగిపోవునేమో! జపాను జాతీయ రైల్వేల అధ్యక్షుడు షింజి సోగోకు ఈ చిక్కే ఎదురయ్యెను.

టోకియో, ఒసాకాల నడుమ మహావేగపు రైలుమార్గమునకు సుమారు 30,000 కోట్ల యెన్‌లు కావలెనని ఇంజనీర్లు లెక్కగట్టిరి. మోటార్లు, విమానములు వచ్చిన కాలమున కొత్త రైలేల యని పలువురు పెదవి విరిచిరి. అంత మొత్తమునకు పార్లమెంటు ఒప్పదని తలచి, సోగో 19,720 కోట్ల అంచనానే సమర్పింపజేసెను. 1961లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పిచ్చెను. ఆ అప్పునకు పూచీపడిన ప్రభుత్వమునకు ఇక వెనుదీయుట కష్టమయ్యెను. తుదకు వ్యయము 38,000 కోట్లకు చేరెను. 1963లో సోగో, ఆయనతోపాటు ప్రధాన ఇంజనీరు హిడియో షిమా పదవులు వీడిరి. 1964 అక్టోబరు 1న జరిగిన ప్రారంభోత్సవమునకు వారికి పిలుపే లేదు.

రైలు లోకమునకు ఆదర్శమైనది. అయినను, ఫలము మంచిదైనంతమాత్రమున తప్పుడు లెక్క ఒప్పగునా? కాదనియే మన తలంపు. కాని తప్పు చెప్పినవారిది మాత్రమే కాదు. పెద్ద అంకె వినగానే బెదరిపోక, దానివలని లాభనష్టములను ఓపికతో తూచుట పన్ను కట్టు మన విధి. అట్లు వినువారున్నచోటనే నిజము పలుకువారుందురు.