కుదువ దుకాణమున పనిముట్ల బేరము



గడువు మీఱి అమ్మకమునకు వచ్చిన పనిముట్లను కుదువ దుకాణమున బేరమాడుటయు నొక విద్యయే. ఉలికి పిడి నునుపుకంటె మిగిలిన యుక్కును ముందు చూడవలెను. చేతి రంపమును వంచి విడిచిన తిన్ననై నిలువవలెను. దాగలిని తట్టిన, పగులు లేనిచో ఖంగున మ్రోగును. దోషమును జూపి వెల దింపవలెను గాని, మన యక్కఱను బయటపెట్టరాదు.

ఈ నేర్పుతో నేనొకప్పుడు తమ్మునికై యొక బాడిసను సగము వెలకు గొని, గెలిచితినని మురియుచు వెలికి వచ్చితిని. దానిని కుదువబెట్టిన వడ్రంగి గడపచెంత నిలిచి చూచుచుండెను. మఱునాడాతడు దేనితో పనికి పోవును?

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను వృత్తికారుని పనిముట్లను డిక్రీ జప్తునుండి కాపాడుచున్నది. తానై కుదువబెట్టిన వానికి ఆ కాపుదల చాలదు. అయినను, 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 177వ సెక్షను ననుసరించి, గడువు దాటినను అమ్మకము జరుగు పర్యంతము వానిని విడిపించుకొనవచ్చును.

పోషకులారా! ఆ నడుమ దినములలో అసలును, వడ్డిని, ఖర్చులను బదులిచ్చి పనిముట్టును విడిపించు నిధి నొకదానిని ఈ మహాసభ నెలకొల్పవలెనని ప్రార్థించుచున్నాను. స్వస్తి.